‘-తున్నాను’ అన్న ప్రతిచోటా చైనీస్‌లో ‘జాయ్’ పెట్టొచ్చా?

కాలవగట్టు (భీమవరం):

నమస్కారమండి. రొయ్యల ఎగుమతి పని కోసం మాండరిన్ నేర్చుకుంటున్నాను. కొనుగోలుదార్లకు వీచాట్‌లో చిన్నచిన్న మెసేజ్‌లు సొంతంగా రాయగలగాలన్నది నా అవసరం. పాఠంలో ‘జాయ్4 + క్రియ’ అంటే మన ‘-తున్న’ అని ఉంది. ‘థా1 జాయ్4 ఛి1ఫాన్4’ అంటే ‘అతను అన్నం తింటున్నాడు’. (ఉచ్చారణ తెలుగులోనే రాస్తున్నాను, పక్కనున్న అంకె స్వరం, అంటే గొంతు ఎత్తి దించే తీరు.) ఆ సూత్రం పట్టుకుని ఈ కింది ఆరు వాక్యాలు రాశాను. ఆరూ తప్పేనట. ఎందుకు తప్పో మాత్రం తెలియడం లేదు.

1. మూడు గంటల నుంచి ఎదురుచూస్తున్నాను: వో3 జాయ్4 దంగ్3 సాన్1 గ శ్యావ్3షి2
2. రేపు సరుకు పంపిస్తున్నాం: వో3మన్ మింగ్2థ్యెన్1 జాయ్4 ఫా1హ్వో4
3. మిమ్మల్ని నమ్ముతున్నాను: వో3 జాయ్4 శ్యాంగ్1శిన్4 ని3
4. డ్రైవరు వస్తున్నాడు: స1జి1 జాయ్4 లాయ్2
5. ఏరియేటర్లు (చెరువు నీటిలో గాలి కలిపే యంత్రాలు) తిరుగుతున్నాయి: జంగ్1యాంగ్3జి1 జాయ్4 ఖాయ్1
6. అతను ఇంట్లో అన్నం తింటున్నాడు: థా1 జాయ్4 జాయ్4 జ్యా1 ఛి1ఫాన్4

ఇవి చాలవన్నట్టు ‘జంగ్4జాయ్4’, క్రియ వెనకాల ‘జ’, వాక్యం చివర ‘న’ కూడా ‘-తున్న’లే అంటున్నారు. వీటిలో ఎప్పుడు ఏది వాడాలో కాస్త వివరంగా చెప్పండి.

వశిష్ఠ (నరసాపురం):

ముందు ఉచ్చారణ సరిచేసుకుందామండి, లేకపోతే కింద రాసేది అర్థం కాదు. చైనీస్ రోమన్ స్పెల్లింగులో డి, జి, బి, జెడ్ అని కనిపించేవి మన ద, గ, బ, జ కావు. గొంతు మోగదు. డి అంటే ‘తల’లో త, జి అంటే ‘కల’లో క, బి అంటే ‘పడవ’లో ప. టి, కె అని ఉన్నచోట గాలి వదిలే థ, ఖ. మీరు ‘జాయ్’ అని రాసింది నిజానికి ‘చాప, చాలు, చుట్టం’ అనేటప్పుడు మన నోట్లో వచ్చే దంత్య చకారం. పాత పుస్తకాల్లో దాన్ని ౘ అని అచ్చువేసేవారు. చైనీస్ నేర్చుకునే చాలామంది ఈ శబ్దం దగ్గరే కష్టపడతారు, మనకది పుట్టుకతోనే ఉంది. కాబట్టి ఇకనుంచి ౘాయ్4. ‘జంగ్జాయ్’ని చంగ్4ౘాయ్4 అని, క్రియ వెనకాల వచ్చే ‘జ’ని చ అని రాస్తాను. ఈ రెండిట్లో చ పలికేటప్పుడు నాలుక కొస కొంచెం వెనక్కి మడవండి. ఆ చ కి స్వరం లేదు, తేలిగ్గా అనేసి వదిలెయ్యాలి.

ఇక అసలు విషయం. ౘాయ్ అనే మాటకు సొంత అర్థం ‘ఉండు’. ‘థా1 ౘాయ్4 చ్యా1’ అంటే ‘అతను ఇంట్లో ఉన్నాడు’. అదే మాట క్రియ ముందుకొస్తే ‘ఆ పనిలో ఉన్నాడు’ అవుతుంది. అంటే పని మొదలైంది, పూర్తికాలేదు, మధ్యలో నడుస్తోంది. అందుకని ‘-తున్న’ కనపడగానే ౘాయ్ పెట్టకుండా, వాక్యాన్ని ఒకసారి ‘ఆ పనిలో ఉన్నాడు’ అని మార్చి చూడండి. ‘తినే పనిలో ఉన్నాడు’ కుదురుతుంది. ‘నమ్మే పనిలో ఉన్నాను’, ‘రేపు పంపించే పనిలో ఉన్నాం’ అని ఎవరూ అనరు. తెలుగులో అతకనిది అక్కడా అతకదు. మీ 2, 3 వాక్యాలు ఇక్కడే తేలిపోతాయి.

2వ దానిలో ఉన్నది రేపటి ఏర్పాటు. మనం ‘రేపు వస్తున్నా’ అన్నట్టు వాళ్ళు ౘాయ్ వాడరు. ఊరికే ‘వో3మన్ మింగ్2థ్యెన్1 ఫా1హ్వో4’ అంటే సరిపోతుంది. గట్టిగా చెప్పాలంటే ‘ఫా1హ్వో4’ ముందు ‘యావ్4’ చేర్చండి.

3వ దానిలో క్రియే అలాంటిది. నమ్మడం, తెలియడం (చి1తావ్4), ఇష్టపడటం (శి3హ్వాన్), కలిగి ఉండటం (యో3), ఇవి సాగే పనులు కావు, ఉండే స్థితులు. ౘాయ్ వీటిని తాకదు. ‘వో3 శ్యాంగ్1శిన్4 ని3’ చాలు. ‘అనుకుంటున్నాను’ విషయంలో మాత్రం జాగ్రత్త. ‘వో3 శ్యాంగ్3…’ అంటే ‘అని నా అభిప్రాయం’. ‘వో3 ౘాయ్4 శ్యాంగ్3’ అంటే ‘ఆలోచిస్తున్నాను’. ధర అడిగినవాళ్ళకు రెండోది పంపితే మీరింకా తేల్చుకోలేదని అర్థం చేసుకుంటారు.

4వ వాక్యం. రావడం, చేరడం, మరచిపోవడం, చనిపోవడం లాంటివి ఒక్క క్షణంలో జరిగేవి, వాటికి మధ్య అంటూ ఉండదు. డ్రైవరు దారిలో ఉంటే ‘స1చి1 ౘాయ్4 లూ4షాంగ్’, దారిలో ఉన్నాడు అనండి. దగ్గరికొచ్చేస్తే ‘ఖ్వాయ్4 తావ్4 ల’. వంటింట్లోంచి పిలిస్తే మనం ‘ఆఁ, వస్తున్నా’ అంటాం కదా, అక్కడ వాళ్ళు ‘లాయ్2 ల’ అంటారు, మాటకు మాట చూస్తే ‘వచ్చాను’ అన్నట్టుంటుంది. ఇంకా రాకముందే అలా అనడం వాళ్ళకు సహజం.

6వది చిన్న విషయం. చోటు చెప్పే ౘాయ్, పని చెప్పే ౘాయ్ పక్కపక్కన రావు, ఒకటే మిగులుతుంది: ‘థా1 ౘాయ్4 చ్యా1 ఛి1ఫాన్4’. ‘సరిగ్గా ఇప్పుడే’ అని నొక్కాలంటే దాని ముందు ‘చంగ్4’ పెట్టండి.

1వ వాక్యం గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, తెలుగువాళ్ళం అందరం పడేది అక్కడే. ‘మూడు గంటల నుంచి’ అనగానే మనకు ‘-తున్న’ తప్పనిసరి. చైనీస్‌లో క్రియ తరవాత ఎంతసేపు అనే కొలత వస్తే ౘాయ్ రాదు. కొలత పెట్టాక ఇంతవరకు ఇంత జరిగిందని లెక్క చెప్పినట్టే, కాబట్టి జరిగిన దానికి వాడే ‘ల’ వస్తుంది: ‘వో3 తంగ్3 ల సాన్1 క శ్యావ్3షి2 ల’. ఇందులో ల రెండుసార్లు ఉంది చూడండి. క్రియ వెనకది ఇంతసేపు జరిగిందంటుంది. చివరిది ఇప్పటికి ఇంతైంది, ఇంకా సాగుతోంది అంటుంది. చివరి ల తీసేస్తే ‘మూడు గంటలు ఎదురుచూశాను’ మాత్రమే మిగులుతుంది, ఎదురుచూపు అయిపోయింది. కర్మ ఉన్నప్పుడు క్రియని రెండుసార్లు అనొచ్చు: ‘వో3 శ్యుయె2 చుంగ్1వన్2 శ్యుయె2 ల ల్యాంగ్3 న్యెన్2 ల’, రెండేళ్ళ నుంచి చైనీస్ నేర్చుకుంటున్నాను. అదే కొలత లేకుండా ‘ఈమధ్య చైనీస్ నేర్చుకుంటున్నాను’ అంటే ౘాయ్ హాయిగా వస్తుంది: ‘వో3 ౘ్వేయ్4చిన్4 ౘాయ్4 శ్యుయె2 చుంగ్1వన్2’. ఆ నిమిషంలో పుస్తకం చేతిలో ఉండక్కర్లేదు.

5వది ‘చ’ కి సంబంధించింది. దాని గురించి లంకపొలం గారు చెబితే బాగుంటుంది.

లంకపొలం (రావులపాలెం):

చ గురించి వ్యాకరణ పుస్తకాలు పేజీలకు పేజీలు రాస్తాయి గానీ, తెలుగులో దానికి సరిజోడు ఇప్పటికే ఉందండి. ఈ రెండు చూడండి:

చొక్కా వేసుకుంటున్నాడు: థా1 ౘాయ్4 ఛ్వాన్1 యి1ఫు
చొక్కా వేసుకుని ఉన్నాడు: థా1 ఛ్వాన్1చ యి1ఫు

మొదటిదానిలో చేతులు చొక్కాలో దూరుతున్నాయి. రెండోదానిలో చొక్కా ఒంటి మీద ఉంది, పని అయిపోయి దాని ఫలితం నిలబడి ఉంది. మనం ‘-ఇ ఉంది’ అనే చోట వాళ్ళ చ వస్తుంది. కూర్చుని ఉన్నాడు: ౘ్వో4చ. తలుపు తీసి ఉంది: మన్2 ఖాయ్1చ. గట్టున పడవ కట్టి ఉంది: హ2ప్యెన్1 థింగ్2చ యి4 థ్యావ్2 ఛ్వాన్2. ఈ చివరి వాక్యంలో వరుస గమనించండి. ముందు చోటు, తరవాత క్రియ+చ, ఆ వెనక వస్తువు. ఎక్కడ ఏముందో వర్ణించేటప్పుడు ఇదే వరుస. ‘శ్యాంగ్1ౘ లి చ్వాంగ్1చ శ్యా1’, పెట్టెలో రొయ్యలు నింపి ఉన్నాయి. మనుషులు నింపుతూ ఉంటే ‘కుంగ్1రన్2 ౘాయ్4 చ్వాంగ్1 శ్యా1’. (రొయ్య శ్యా1, సాగదీసి ఎత్తులో నిలపాలి. దించి పలికితే శ్యా4, అంటే ‘కింద’.)

చ అనే ఈ మాట పూర్వం ‘అంటుకొను’ అనే అర్థమున్న క్రియ. అది గుర్తుంటే పని అయ్యాక ఫలితం అంటిపెట్టుకుని ఉందన్న భావం తేలిగ్గా పట్టుబడుతుంది.

మీ ఏరియేటర్ల వాక్యం సరిగ్గా ఇక్కడే తప్పింది. తెలుగులో ‘తిరుగుతున్నాయి’ అని కదలిక చెబుతాం. చైనావాళ్ళు ‘స్విచ్ వేసి ఉంది’ అని స్థితి చెబుతారు: ‘ౘంగ్1యాంగ్3చి1 ఖాయ్1చ న’. ఫ్యాను, ఏసీ, మోటారు అన్నీ ఇంతే. లైటు వెలుగుతోంది అనడానికి కూడా ‘తంగ్1 ల్యాంగ్4చ’. అంటే తెలుగు ‘-తున్న’ కొన్నిచోట్ల చ లోకి వెళ్తుంది, ముఖ్యంగా యంత్రాలకు, దీపాలకు. ఇది విడిగా గుర్తుపెట్టుకోవాల్సిందే.

చ కి ఇంకో పని ఉంది, మన ‘-తూ’. నవ్వుతూ చెప్పాడు: థా1 శ్యావ్4చ ష్వో1. నడుస్తూ నడుస్తూ… అని ఏదో జరిగిందని చెప్పడానికి ‘ౘోవ్3చ ౘోవ్3చ…’. మనలాగే జంటగా వస్తుంది. అయితే మన ‘-తూ’ రెండు రకాలుగా వాడతాం. ‘నవ్వుతూ చెప్పాడు’లో నవ్వు చెప్పిన తీరు, అక్కడ చ. ‘అన్నం తింటూ టీవీ చూస్తున్నాడు’లో రెండూ సమానమైన పనులు, అలాంటిచోట ‘థా1 యి4ప్యెన్1 ఛి1ఫాన్4 యి4ప్యెన్1 ఖాన్4 త్యెన్4షి4’ అనడం మేలు.

ఇంకొక్కటి. ఈ చ రాసే అక్షరాన్నే వేరే చోట చావ్2 అని చదువుతారు. ‘ష్వేయ్4చ’ అంటే నిద్రలో ఉన్నాడు. ‘ష్వేయ్4చావ్2 ల’ అంటే నిద్రపట్టింది. రాతలో ఒకేలా ఉంటాయి కాబట్టి వెనక ‘ల’ ఉందా అని, చుట్టూ ఉన్న మాటలేమిటని చూసి చదువుకోవాలి.

కాలవగట్టు:

‘-ఇ ఉంది’ పోలికతో చాలా తేటపడిందండి. ఇంకో రెండు అడుగుతాను. చంగ్4ౘాయ్4 కి, ఉత్త ౘాయ్4 కి తేడా ఏమిటి? ‘లోడు చెయ్యడం లేదు’ అని కాదనడానికి ౘాయ్ ముందు ‘పూ4’ పెట్టాలా, ‘మేయ్2’ పెట్టాలా?

రేవు (కాకినాడ):

రెండోది ముందు, మీ పనిలో తప్పొస్తే నష్టం దానితోనే. ‘మేయ్2’ పెట్టండి: ‘వో3మన్ మేయ్2 ౘాయ్4 చ్వాంగ్1హ్వో4’. ‘పూ4 ౘాయ్4’ అనగానే వినేవాళ్ళకు ‘లేడు’ అన్న అర్థం ముందు తడుతుంది (థా1 పూ2ౘాయ్4, అతను లేడు. తరవాతిది కూడా నాలుగో స్వరమైతే పూ ఇలా రెండోదానికి మారుతుంది). ‘ఆడుకోవడం లేదు, పనిచేస్తున్నాను’ అని ఎదుటివాళ్ళ మాట ఖండించాలంటే ‘పూ2షి4 ౘాయ్4 …, ౘాయ్4 …’ అనే వరుస వాడండి. మన ‘తినడం లేదు’తోనూ జాగ్రత్త. ‘మాంసం తినడం లేదు’ అంటే మానేశానని కదా, అక్కడ ౘాయ్ ఊసే ఉండదు: ‘వో3 పూ4 ఛి1 రోవ్4 ల’.

లోడింగ్ సంగతి ఎక్కువగా అడుగుతారు కాబట్టి ఈ మూడూ విడివిడిగా నోటికి రావాలి:

హాయ్2 ౘాయ్4 చ్వాంగ్1: ఇంకా లోడవుతోంది
హాయ్2 మేయ్2 చ్వాంగ్1: ఇంకా లోడు చెయ్యలేదు, మొదలే కాలేదు
హాయ్2 మేయ్2 చ్వాంగ్1 వాన్2: మొదలైంది, పూర్తవలేదు

రెండోది పంపాల్సిన చోట మొదటిది పంపితే కంటైనరు దగ్గర మనుషులు పనిలో ఉన్నారని వాళ్ళు అనుకుంటారు. మూడోదానిలో ‘వాన్2’ అంటే ‘పూర్తవడం’. ఇలా పని ముగింపు చెప్పే మాట క్రియకు అంటుకున్నాక దాని ముందు ౘాయ్ రాదు, ‘ౘాయ్4 చ్వాంగ్1 వాన్2’ అనేది వాక్యమే కాదు. మధ్యలో ఉంది, అయిపోయింది అని ఒకే ఊపిరిలో చెప్పినట్టవుతుంది.

ప్రశ్న వెయ్యాలంటే చివర ‘మా’ చాలు: ‘ని3మన్ ౘాయ్4 చ్వాంగ్1హ్వో4 మా?’ వీచాట్‌లో ఉత్తినే ‘ౘాయ్4 మా?’ అని వస్తే ఏ పనిలో ఉన్నారని కాదు, ‘ఉన్నారా?’ అని పలకరింపు. ‘కాన్4మా2 న?’ అంటే ‘ఏం చేస్తున్నారు?’, చనువున్నవాళ్ళ మాట. దీనిలో ౘాయ్ లేకుండా చివరి ‘న’ ఒక్కటే ‘-తున్న’ పని చేస్తోంది చూడండి. ‘ఛి1ఫాన్4 న’, అన్నం తింటున్నా. నోటిమాటలో ఇది బాగా వాడుక. కంపెనీ ఉత్తరంలో, ఇన్వాయిస్ వెంట పంపే మెసేజ్‌లో ఈ న పెట్టకండి, మరీ ఇంట్లో మాటలా ఉంటుంది.

చంగ్4ౘాయ్4 అంటే ‘సరిగ్గా ఈ వేళకి’. గడియారంలో ముల్లు ఒకచోట ఆపి చూపించినట్టు. అందుకే సాగదీసే మాటలతో పొసగదు. ‘యి4చి2’ (ఎడతెగకుండా) తరవాత ౘాయ్ వస్తుంది, చంగ్4ౘాయ్ రాదు. వాన ఎడతెగకుండా కురుస్తోంది: యి4చి2 ౘాయ్4 శ్యా4యూ3. ‘ఈమధ్య’, ‘ఇంకా’ ఉన్నచోట కూడా ఉత్త ౘాయే. మరోవైపు ‘నుంచి’ అని అర్థమిచ్చే ‘ఛుంగ్2’ ముందు ౘాయ్ నిలవదు, చంగ్4 గానీ చంగ్4ౘాయ్ గానీ కావాలి: ‘థాయ్4యాంగ్2 చంగ్4 ఛుంగ్2 హ2మ్యెన్4షాంగ్ షంగ్1 ఛి3లాయ్’, ఏటి మీద నుంచి సూర్యుడు పైకొస్తున్నాడు. చంగ్4 ఒక్కటే వాడితే క్రియని బోడిగా వదలకూడదు, వెనక చ గానీ న గానీ, పై వాక్యంలోని ‘ఛి3లాయ్’ లాంటి మాట గానీ తోడుండాలి. ‘అన్నం తింటుంటే ఫోన్ మోగింది’ అనడానికి ఇదే చక్కగా కుదురుతుంది: ‘వో3 చంగ్4 ఛి1చ ఫాన్4, త్యెన్4హ్వా4 శ్యాంగ్3 ల’.

కాలం గురించి బెంగ వద్దు. నిన్న రాత్రి ఎనిమిదింటికి తింటూ ఉన్నా, ఇప్పుడు తింటున్నా క్రియ మారదు, వేళ ముందు చెబితే చాలు.

ఒక వాక్యం ఇస్తాను, ఇందులో మొత్తం ఉంది: ‘శ్యా1 ౘాయ్4 లంగ్3ఖూ4 లి తుంగ్4చ న’. రొయ్యలు కోల్డ్ స్టోరేజీలో గడ్డకట్టి ఉన్నాయి. ౘాయ్ ఇక్కడ చోటు చెబుతోంది, చ స్థితి చెబుతోంది, న ‘చూసుకోండి, ఇదీ సంగతి’ అని నమ్మకం ఇస్తోంది. ఫోన్లో ఎవరైనా సరుకెలా ఉందని అడిగితే ఇలా చెప్పండి.

మీ కొనుగోలుదార్లలో హాంకాంగ్ వాళ్ళుంటే ఒక మాట. వాళ్ళ కాంటనీస్‌లో ఈ తేడాని రెండూ క్రియ వెనకే చూపిస్తారు. సాగే పనికి ‘కన్2’, నిలిచిన స్థితికి ‘చ్యూ6’. ‘సిక్6 కన్2’ తింటున్నాడు, ‘చ్యోక్3 చ్యూ6’ వేసుకుని ఉన్నాడు. అంకెలు కూడా వేరు, దానిలో స్వరాలు ఆరు. కంపెనీ ఉత్తరాల్లాంటి రాతలో మాత్రం మాండరిన్ పద్ధతే నడుస్తుంది.

కాలవగట్టు:

మళ్ళీ రాశానండి, దిద్దండి.

1. వో3 తంగ్3 ల సాన్1 క శ్యావ్3షి2
2. వో3మన్ మింగ్2థ్యెన్1 ఫా1హ్వో4
3. వో3 శ్యాంగ్1శిన్4 ని3
4. స1చి1 చంగ్4ౘాయ్4 లాయ్2 త లూ4షాంగ్
5. ౘంగ్1యాంగ్3చి1 ఖాయ్1చ న
6. థా1 చంగ్4 ౘాయ్4 చ్యా1 ఛి1ఫాన్4

వశిష్ఠ:

2, 3, 5, 6 సరిగ్గా ఉన్నాయి. 4వది నేను చెప్పినదానికన్నా బాగుంది, ‘ఇటు వచ్చే దారిలోనే ఉన్నాడు’ అని ఇంకా వివరంగా వచ్చింది. 1వ దానిలో చివరి ల వదిలేశారు. ఇలా పంపితే ‘మూడు గంటలు చూశాను’ అని చదువుకుని మీరు లేచి వెళ్ళిపోయారేమో అనుకుంటారు. మీరింకా అక్కడే కూర్చుని ఉంటే శ్యావ్3షి2 తరవాత ఆ ల తప్పకుండా పెట్టండి.